చారిత్రక నవలలో ప్రఖ్యాతం, ఉత్పాద్యం – రుద్రమదేవి ఇతివృత్తం

ధనంజయుడు దశరూపకంలో ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించినాడు. ఇతిహాసాదుల నుండి గ్రహించినది ప్రఖ్యాతం; కవి కల్పించినది ఉత్పాద్యం; రెండూ కలిసినది మిశ్రం. రూపకాలను ఉద్దేశించి చెప్పిన ఈ విభాగాన్ని చారిత్రక నవలకు అన్వయించి, అది మిశ్రం కిందికి వస్తుందని చెప్పి ఊరుకోవడం సులభం. తరగతి గదుల్లో చర్చ సాధారణంగా అంతటితోనే ముగుస్తుంది. కాని చిక్కు అక్కడి నుండే మొదలవుతున్నది. ఆ మిశ్రంలో ఏది ఎంత పాలు? ప్రఖ్యాతం ఎక్కడ ఆగి ఉత్పాద్యం ఎక్కడ ఆరంభమవుతున్నది? ఆ పొలిమేర రచయితకు తెలిస్తే చాలునా, పాఠకునికి కూడా తెలియవలెనా? శాకుంతలంలోని దుర్వాసశాపం భారతకథలో లేదన్న సంగతి కాళిదాసు నాటి సామాజికునికి తెలుసు. మూలకథ అతని నోట ఉన్నదే కనుక కవి చేసిన మార్పును మార్పుగానే గుర్తించి ఆనందించగలిగినాడు. గోన గన్నారెడ్డి గజదొంగ వేషంలో రుద్రమదేవికి అండగా నిలిచినాడన్నది ఏ శాసనంలోనూ లేదన్న సంగతి నేటి నవలాపాఠకునికి తెలియదు. ఈ తెలియకపోవడమే చారిత్రక నవలాశిల్పానికి మూలమైన సమస్య.

ఆలంకారికులు కవికి ఇచ్చిన స్వేచ్ఛ పెద్దది. ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో ఆనందవర్ధనుడు కథాశరీరంలో రసానికి ప్రతికూలమైన స్థితి ఏదైనా ఎదురైతే దానిని విడిచిపెట్టి, రసానుకూలమైన మరొక కథను కల్పించుకోవలెనని చెప్పినాడు. జరిగినదానిని జరిగినట్లు నడిపించడం వల్ల కవికి ఒరిగేది లేదని, ఆ పని ఇతిహాసమే నెరవేరుస్తుందని ఆయన అభిప్రాయం. ధనంజయుడు కూడా నాయకునికి గాని రసానికి గాని అనుచితమైనదానిని వదలవలెనని లేదా మార్చవలెనని విధించినాడు. ఇదే కాశ్మీరదేశంలో, పన్నెండవ శతాబ్దిలో, కల్హణుడు దీనికి ఎదురైన ఆదర్శాన్ని నిలిపినాడు. గతాన్ని చెప్పేవాడు రాగద్వేషాలు విడిచి ధర్మాసనం మీద కూర్చున్నవాని వలె పలకవలెనన్నది రాజతరంగిణీకారుని నియమం. ఆయన శాసనాలను, ప్రశస్తులను, పూర్వరాజకథలను చూచి వ్రాసినాడు. చారిత్రక నవల వ్రాయబూనినవానికి ఆనందవర్ధనుడు ఒక చేయి, కల్హణుడు రెండవ చేయి పట్టుకొని చెరొక వైపు లాగుతారు. ఎవరి చేయి ఎప్పుడు విడిపించుకోవలెనో తెలియడమే ఆ రచయిత నేర్పు.

తెలుగులో ఈ ప్రక్రియ మొదలైనప్పుడు ఈ బాధ పెద్దగా లేదు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి హేమలత (1896) చిత్తూరు కథను చెప్పినది. కర్నల్ టాడ్ వ్రాసిన రాజస్థాన చరిత్ర అప్పటికి చదువుకొన్నవారి చేతిలో ఉన్నది. ఆంధ్రదేశ చరిత్ర ఇంకా శిలల మీదనే ఉన్నది. తెలుగు నవల మొదట రాజపుత్రుల వైపు చూడడానికి స్వదేశాభిమానం కొరవడడం కారణం కాదు; చదవడానికి తెలుగువారి చరిత్ర అన్నది పుస్తకరూపంలో లేకపోవడమే కారణం. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడి, కొమర్రాజు లక్ష్మణరావుగారి సంపాదకత్వంలో చరిత్ర గ్రంథాలు వెలువరించి, చారిత్రక నవలలకు బహుమతులు ప్రకటించినది. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగం 1910లో వెలువడినది. రాయచూరు యుద్ధము, విజయనగర సామ్రాజ్యము వంటి పేర్లు నవలల అట్టల మీద కనిపించినది ఈ వాతావరణంలోనే. 1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి ఏర్పడిన తరువాత శాసనపాఠాలు, చర్చలు పుంఖానుపుంఖంగా అచ్చుకెక్కినవి. 1935లో కాకతీయ సంచిక వచ్చినది. అడివి బాపిరాజు, నోరి నరసింహశాస్త్రిగార్లు తమ కాకతీయ నవలలు వ్రాసేనాటికి ఓరుగంటి చరిత్రకు ఒక రూపం ఏర్పడినది. చరిత్రకారుడు ముందు నడిచి నవలాకారుడు వెనుక నడిచిన ఈ క్రమాన్ని గమనించక, తెలుగు చారిత్రక నవలావికాసాన్ని కేవలం జాతీయోద్యమ ప్రభావంగా చెప్పడం సగం నిజమే అవుతుంది.

నవలకు ప్రేరణ ఎక్కడి నుండి వస్తుందన్నదానికి నోరివారి నారాయణభట్టు (1949) చక్కని నిదర్శనం. రాజరాజనరేంద్రుడు 1053లో నారాయణభట్టుకు నందంపూడి గ్రామాన్ని దానం చేసిన తామ్రశాసనం లభించినది. దానికి కవి నన్నియభట్టు. ఆ శాసనంలో నారాయణభట్టు సంస్కృత, కర్ణాట, ప్రాకృత, పైశాచిక, ఆంధ్రభాషలలో కవిగా ప్రశంస పొందినాడు; కవీభవజ్రాంకుశుడన్న బిరుదు ఉన్నది. భారతావతారికలో నన్నయ తనకు సహాయుడైన నారాయణుని భారతయుద్ధంలో అర్జునునికి తోడైన నారాయణునితో పోల్చినాడు. అంతే. ఆ సహాయం ఎటువంటిది, ఇన్ని భాషల కవి తన కావ్యమేదీ మిగల్చకుండా మిత్రుని కావ్యానికి ఎందుకు తోడైనాడు, ఒక అగ్రహారానికి తగిన ఆ సేవ సాహిత్యసేవయేనా లేక రాజకార్యం కూడా ఉన్నదా – ఈ ప్రశ్నలలో ఒక్కదానికీ రాగిరేకు సమాధానం చెప్పదు. ఉన్నవి రెండు ఆధారాలు, రెండూ నిస్సందేహమైనవి, వాటి నడుమ ఒక మనిషి జీవితమంత ఖాళీ. నవల ఆ ఖాళీలో పుట్టినది. నోరివారు రేపల్లెలో న్యాయవాదిగా పనిచేసినవారు. సాక్షి చెప్పినదానికి, చెప్పనిదానికి ఉన్న తేడా ఆయనకు వృత్తిరీత్యా తెలిసినదే.

శాసనం మౌనం వహించిన చోట కల్పనకు చోటు దొరుకుతుంది. అయితే మౌనాలన్నీ ఒక తీరువి కావు. ఎవరికీ తెలియనందువల్ల కలిగిన మౌనం ఒకటి, ఆధారాలు ఒకదానితో ఒకటి విభేదించుట వల్ల ఏర్పడిన సందిగ్ధం ఒకటి, మాట్లాడే శాసనం ఇంకా భూమిలోనే ఉండుట వల్ల కలిగిన తాత్కాలిక మౌనం మరొకటి. రుద్రమదేవి కథలో ఈ మూడూ ఉన్నవి. తెలుగులో ఇన్ని నవలలకు, నాటకాలకు, చలనచిత్రాలకు ఆమె కథ ఆకరం కావడం యాదృచ్ఛికం కాదు.

మొదట ఆమె ఎవరు అన్న ప్రశ్న చూడవలెను. వెనిస్ నగర యాత్రికుడు మార్కోపోలో మోటుపల్లి రాజ్యాన్ని వర్ణిస్తూ, భర్త మరణించిన పిమ్మట ఒక రాణి దాదాపు నలభై ఏండ్లుగా ధర్మంగా పరిపాలిస్తున్నదని చెప్పినాడు. పోలో ఇంచుమించు సమకాలికుడు. తొలినాళ్ల చరిత్రరచనల్లోనూ రుద్రమను గణపతిదేవుని భార్యగా భావించిన సందర్భాలున్నవి. కాని 1261 నాటి మల్కాపుర శాసనం ఆమెను గణపతిదేవుని కుమార్తెగా స్పష్టంగా చెప్పినది. గణపతిదేవుని దీక్షాగురువైన విశ్వేశ్వర శివాచార్యుడు వేయించిన శాసనమిది. మందడం, వెలగపూడి గ్రామాల దానాన్ని, వాటి ఆదాయంతో నడిచిన మఠాన్ని, సత్రాన్ని, ప్రసూతిశాలను, ఆరోగ్యశాలను, విద్యాస్థానాన్ని వివరంగా పేర్కొన్నది. వేదాధ్యాపకులు ముగ్గురు, ఇతర శాస్త్రాలకు అయిదుగురు, ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు అని లెక్క కూడా వ్రాసినది. ఇంత జాగ్రత్తగా లెక్కలు చెప్పిన శాసనం, తన రాజు కుమార్తెను గురించి పొరబడుతుందని అనుకోలేము. విద్యానాథుని ప్రతాపరుద్రీయం దీనినే సమర్థిస్తున్నది. దూరదేశపు సమకాలికుడు విన్నదానికంటే ఇంటి గురువు వేయించిన రాయికి బలం ఎక్కువ. ఈ విషయంలో నవలాకారునికి స్వేచ్ఛ లేదు. రుద్రమను గణపతిదేవుని రాణిగా చేసి ఎవరైనా నేడు నవల వ్రాస్తే అది చారిత్రక నవల అనిపించుకోదు. అయినా పోలో మాట నవలాకారునికి వ్యర్థం కాదు. ఒక స్త్రీ సింహాసనం మీద ఉన్నదని వినగానే, ఆమె రాజు భార్యయే అయి ఉండవలెనని రేవుపట్నంలోని వర్తకులు అనుకొని ఉంటారు. ఆ పొరపాటే ఆ కాలపు మనస్తత్వానికి ఆధారం. తెలుగు నవలాకారులు దీనిని ఉపయోగించుకొన్నట్లు కనిపించదు.

రెండవది పురుషనామం. శాసనాలలో ఆమె పలుచోట్ల రుద్రదేవ మహారాజు. గణపతిదేవుడు కుమార్తెకు రుద్రుడని పేరు పెట్టి పుత్రునిగా భావించినాడని ప్రతాపరుద్రీయం. ఇది పేరు వరకేనా? రాజలాంఛనం వరకేనా? లేక వేషభాషలు, పెంపకం కూడా పురుషోచితంగా సాగినవా? ఆధారం మొదటి రెండింటికే ఉన్నది. బాపిరాజుగారు మూడవదానిని ఊహించి, రుద్రదేవుడన్న పేరు వెనుక ఉన్న స్త్రీహృదయాన్ని కథకు కేంద్రం చేసినారు. ఇది మౌనాన్ని పూరించిన కల్పన కనుక నిర్దోషం, ఫలించినది కూడా. కాని ఆ కల్పన బలం ఎంతటిదంటే, ఆమె బాల్యమంతా మగవేషంలోనే గడిచినదన్నది నేడు శాసనసిద్ధమైన విషయంగా చలామణి అవుతున్నది.

మూడవది దేవగిరి యుద్ధం. యాదవ మహాదేవుని మంత్రి హేమాద్రి వ్రతఖండంలో, తన ప్రభువు తెలుంగు రాజ్యపు ఏనుగులను, వాద్యాలను హరించి, స్త్రీ అన్న కారణంగా రుద్రమను విడిచిపెట్టినాడని చెప్పినాడు. ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రలో ఆమెయే మహాదేవుని ఓడించి దేవగిరి వరకు తరిమి ధనం రాబట్టినది. ఒకరు ఆశ్రితుడు, మరొకరు చాలా కాలం తరువాతివాడు. బీదరు కోటలో రుద్రమ బిరుదులతో దొరికిన కన్నడ శాసనఖండం రెండవ కథకు కొంత బలం చేకూర్చినది. తెలుగు రచయితలు సహజంగా ఓరుగంటి పక్షమే వహించినారు. వహించవచ్చును. అయితే హేమాద్రి మాటలో కథకునికి పనికివచ్చే మాణిక్యం ఒకటున్నది. స్త్రీ కనుక విడిచిపెట్టినాము అన్న వాక్యం ఓటమిని దాచుకోవడానికి పుట్టినది కావచ్చును. ఆ మాట ఓరుగంటికి చేరినప్పుడు, రుద్రదేవ మహారాజు అని శాసనాలు వేయించుకొంటున్న ఆమెకు అది ఎట్లు వినిపించి ఉంటుంది? శత్రువు ఆధారాన్ని కొట్టివేసే రచయితకంటే దానిని ఒక పాత్ర నోట పలికించే రచయిత సమర్థుడు.

ఇక గోన గన్నారెడ్డి. ప్రఖ్యాతోత్పాద్యాల పొలిమేర చెరిగిపోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ తెలుగులో లేదు. గోనవారు వర్ధమానపురం పాలించిన సామంతులు. రంగనాథరామాయణంతో ముడిపడిన గోన బుద్ధారెడ్డి ఆ వంశంవాడు. గన్నయరెడ్డిని గురించి ముఖ్యాధారం రాయచూరు కోటలో పెద్ద రాతి దిమ్మె మీద చెక్కిన 1294 నాటి శాసనం. ఇది ప్రతాపరుద్రుని కాలం నాటిది. గన్నయరెడ్డి సేవలో ఉన్న విఠలుడు ఆదవాని, తుంబళము మొదలైన దుర్గాలను పట్టుకొని రాయచూరులో కోట కట్టించినట్లు అది చెబుతుంది. బాపిరాజుగారి నవల ఆరంభంలో ఆదవోనిలో అన్నాంబిక వివాహం జరగబోతుంటే గజదొంగగా పేరుపడిన గన్నారెడ్డి పెండ్లికొడుకును ఎత్తుకుపోతాడు. అతడు దోచుకొనేది రాణికి ద్రోహం తలపెట్టిన సామంతులను మాత్రమే. కథ ప్రధానంగా రుద్రమ పాలన తొలినాళ్లలో నడుస్తుంది. శాసనంలో గన్నయ కనిపించేది దానికి ముప్పది ఏండ్ల తరువాత.

అట్లని బాపిరాజుగారు చరిత్రను వక్రీకరించినారని అనడం తొందరపాటు. 1294లో అధికారంలో ఉన్న సామంతుడు 1262 ప్రాంతంలో యువకుడై ఉండడం అసంభవం కాదు. ఆదవోని పేరు శాసనంలోనిదే. రుద్రమకు సామంతుల వ్యతిరేకత ఎదురైనదన్న సంప్రదాయం ఉన్నది. ఉన్న ఆధారాలలో దేనినీ ఆయన కాదనలేదు. వాటి నుండి వెనుకకు నడిచి, ఒక వీరుని యౌవనాన్ని ఊహించినారు. చిత్రకారుడైన రచయిత కనుక, రాతిలో ఉన్న రెండు గీతల నుండి మొత్తం బొమ్మ గీయడం ఆయనకు అలవడిన పని. పాకాల చెరువును, ఓరుగంటి కోటను, నాట్యశాలలను ఆయన వర్ణించిన తీరులో చూచినవాని కన్ను ఉన్నది. లోపం ఉన్నదంటే అది నవలలో కాదు, నవలను చదివే తీరులో ఉన్నది. 2015 నాటి రుద్రమదేవి చలనచిత్రంలో గన్నారెడ్డి ప్రధానపాత్రగా నడిచిన తరువాత, రుద్రమకు గన్నారెడ్డి తోడ్పాటు సామాన్యచరిత్రలో భాగమైపోయినది. వ్యాసరచన పోటీలలోనూ, పరీక్షపత్రాలలోనూ దానిని యథార్థంగా వ్రాసే విద్యార్థిని తప్పు పట్టి లాభం లేదు. నవల పాఠ్యగ్రంథంగా పెట్టి రాయచూరు శాసనాన్ని ఒక్కసారి కూడా చూపని బోధనది ఆ దోషం.

పెద్ద సంఘటనల కల్పనలో జాగ్రత్త వహించిన రచయితలు కూడా జారిపడేది వంటింటిలో. కాకతీయుల కాలపు పాత్ర మిరపకాయ కొరికితే కథ అక్కడితో కూలిపోతుంది. మిరప ఈ దేశానికి పోర్చుగీసువారి రాక తరువాత, 1498కి పిమ్మట వచ్చినది. వేరుసెనగ, మొక్కజొన్న, జామ, బొప్పాయి, పొగాకు కూడా ఆ తరువాతివే. రుద్రమ కాలపు కారం మిరియాలది, పిప్పళ్లది. మోటుపల్లిలో గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం సుంకం విధించదగిన సరకులను పేర్కొన్నది: చందనం, కర్పూరం, చీనీకర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు. గాలివానకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారంగా తీసుకొనేవారని, తాను నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని రాజు అందులో మాట ఇచ్చినాడు. ఒక అంగడి వీధిని వర్ణించడానికి, ఒక నావికుని భయాన్ని, ఊరటను చిత్రించడానికి ఇంతకంటే మంచి సామగ్రి ఉండదు. అయినా నవలలలో అంగడి వర్ణనలు తరచుగా ప్రబంధాల పురవర్ణనల నుండి దిగుమతి అవుతున్నవి.

ఓరుగంటి నగరజీవితానికి అందరూ ఆశ్రయించే క్రీడాభిరామం విషయంలోనూ ఒక హెచ్చరిక అవసరం. పూటకూళ్ల ఇల్లు, కోడిపందెం, మాచల్దేవి చిత్రశాల – ఇంత సజీవమైన చిత్రం మరెక్కడా లేదు. కాని అది కాకతీయ రాజ్యం 1323లో అంతరించిన తరువాతి రచన. అందులో స్మరించిన వైభవం ప్రతాపరుద్రుని నాటిది. రుద్రమ కాలానికి దానిని వాడుకోవడం తప్పు కాదు గాని, అరువు తెచ్చుకొన్నామన్న స్పృహ రచయితకు ఉండవలెను. ఆమె కాలానికి దగ్గరివి జాయప సేనాని నృత్తరత్నావళి, పాల్కురికి సోమనాథుని కృతులు. జాయప గణపతిదేవుని గజసాహిణి. ఏనుగుల దళానికి అధిపతి అయినవాడు దేశి నృత్తాలను గురించి శాస్త్రం వ్రాసినాడన్న ఒక్క వాస్తవం ఏ కల్పనకూ తీసిపోదు.

భాష మరింత జటిలమైనది. పదమూడవ శతాబ్దపు పాత్రలు ఏ తెలుగు మాట్లాడవలెను? శాసనభాషలో నడిపితే పాఠకుడు రెండు పుటలు దాటడు. నేటి భాషలో నడిపితే కాలస్ఫురణ కలగదు. ఉత్తమమార్గం భాషను పాతబరచడం కాదు, ఆ కాలంలో లేనిదానిని తీసివేయడం. దర్బారు, జవాబు, హుకుం, సిపాయి, ఫిర్యాదు వంటి మాటలు పరిహరించవలెనని అందరికీ తెలుసు. కాని రాణి ‘కబురు’ పంపినది అని వ్రాసేటప్పుడు, అచ్చతెలుగువలె ధ్వనించే ఆ మాట అరబ్బీ ఖబర్ నుండి వచ్చినదని గుర్తుకు రాదు. సేనలు ‘తయారు’ కావడమూ అంతే. వీటి స్థానంలో వార్త, సన్నద్ధం అంటే సరిపోతుంది, ఎవరూ గమనించరు. ఎవరూ గమనించకపోవడమే ఇక్కడ సాఫల్యం. బంటు, లెంక, అంగరక్ష, మాడ, రూక, గద్యాణం, పుట్టి, తూము వంటి శాసనపదాలను అర్థం సందర్భం వల్లనే తెలిసేటట్లు వాడవచ్చును. పేర్ల విషయం కూడా ఇటువంటిదే. మైలాంబ, కుందమాంబ, గణపాంబ, ముమ్మడమ్మ – ఇవి కాకతీయుల ఇంటి ఆడపడుచుల పేర్లు. వీటిని విడిచి కోమలమైన సంస్కృతనామాలు కల్పించడం వల్ల నవలలు కోల్పోయినది తక్కువ కాదు.

ఇంతవరకు చెప్పినది చరిత్రకారుని ఆధారాన్ని అంగీకరించి నడిచే మార్గం. విశ్వనాథ సత్యనారాయణగారి పురాణవైర గ్రంథమాల పన్నెండు నవలలది వేరు మార్గం. పాశ్చాత్యులు నిర్ణయించిన కాలక్రమమే తప్పని, పురాణాల కలిశకగణన ప్రమాణమని, కోట వెంకటాచలంగారి సిద్ధాంతాన్ని ఆశ్రయించి ఆయన ఆ నవలలు వ్రాసినారు. అక్కడ నవల చరిత్ర మౌనాన్ని పూరించదు, చరిత్రతో వాదిస్తుంది. వాదం నిలిచినదా అన్నది వేరే చర్చ, శాసన నాణెశాస్త్రాల వారు దానిని అంగీకరించలేదు. కథాశిల్పం దృష్ట్యా మాత్రం, వాదం చేతికెత్తుకొన్న చోటెల్లా పాత్రలు పలచబడినవని, వాదాన్ని మరచిన చోట్ల విశ్వనాథ ప్రతిభ తిరిగి వెలిగినదని అంగీకరించక తప్పదు. మధుర నాయకుల కాలాన్ని నేపథ్యంగా గ్రహించిన ఏకవీరలో ఏ సిద్ధాంతభారమూ లేదు. నేటికీ పాఠకులు మొదట చేతికి తీసుకొనేది దానినే.

మళ్లీ రుద్రమ వద్దకు వస్తే, మూడవ తీరు మౌనం మిగిలి ఉన్నది: భూమిలో ఉన్న శాసనం. నోరివారి రుద్రమదేవి 1951లో వెలువడినది. బాపిరాజుగారు 1952లో కాలధర్మం చెందినారు. వారి కాలపు చరిత్రగ్రంథాలు రుద్రమ 1295 ప్రాంతం వరకు పాలించి, దౌహిత్రుడైన ప్రతాపరుద్రునికి రాజ్యం అప్పగించినదని చెప్పేవి. ప్రశాంతమైన ముగింపు అది. ఆ తరువాత నల్లగొండ జిల్లా నకిరేకల్లు సమీపంలోని చందుపట్లలో ఒక శాసనం వెలుగుచూచినది. 1289 నాటిది. కాకతి రుద్రమదేవికి, మల్లికార్జున నాయనికి శివలోకప్రాప్తిని పేర్కొని, వారి పుణ్యానికై పువ్వుల ముమ్మడి అనే భృత్యుడు సోమనాథదేవరకు భూమి ఇచ్చినట్లు అందులో ఉన్నది. మల్లికార్జునుడు రుద్రమ సేనాని. రాణి, సేనాని ఒకే శాసనంలో ఒకే విధంగా స్మరింపబడుటను బట్టి ఇద్దరూ ఒకే సందర్భంలో మరణించినారని పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు ఊహించినారు. కాకతీయులపై ఆయన గ్రంథం 1978లో వచ్చినది.

దీనికి తోడు త్రిపురాంతకంలో తిరుగుబాటు సామంతుడు కాయస్థ అంబదేవుని 1290 నాటి శాసనం ఉన్నది. తాను మల్లికార్జునపతి సప్తాంగాలను హరించినానని అంబదేవుడు అందులో చెప్పుకొన్నాడు. ఈ మాట సంస్కృతపండితుని దృష్టిని ఆకర్షించవలసినది. సప్తాంగాలంటే అవయవాలు కావు. స్వామి, అమాత్యుడు, సుహృత్తు, కోశం, రాష్ట్రం, దుర్గం, బలం అని అమరకోశం చెప్పిన రాజ్యాంగాలు. సేనానికి సప్తాంగాలు ఎక్కడివి? ఉన్నవనుకొంటే అందులో మొదటిదైన స్వామి ఎవరు? సేనాని స్వామి రుద్రమయే. తన ఏలికను చంపినానని రాయి మీద చెక్కించడం స్వామిద్రోహాన్ని ప్రకటించుకోవడమే అవుతుంది కనుక, అంబదేవుని ప్రశస్తికారుడు పారిభాషికపదం వెనుక దానిని దాచినాడన్న వ్యాఖ్య చందుపట్ల శాసనం వల్ల బలపడినది. నిరూపణ అనలేము; కాని రెండు శాసనాల తేదీలు ఇంత దగ్గరగా ఉండడాన్ని త్రోసిపుచ్చడం కష్టం.

ఈ శాసనం వల్ల పూర్వనవలలు అసత్యాలైనవా? కాలేదు. రచయిత తన కాలానికి తెలిసినదానికి బాధ్యుడు. తరువాత తెలియబోయేదానికి కాదు. పైగా గోన గన్నారెడ్డి కథ రుద్రమ చివరి దినాల దాకా రాదు. మారినది మరొకటి. నవలలు ప్రజల మనస్సులో నిలిపిన రుద్రమ ఎప్పుడూ యువతి: మగవేషంలో గుర్రమెక్కిన రాకుమారి, చాళుక్య వీరభద్రుని వరించిన ప్రేయసి, తొలి తిరుగుబాట్లను అణచిన నవాభిషిక్త. చందుపట్ల రాయి మనకు ఇచ్చినది వృద్ధురాలైన రుద్రమను. కుమార్తె ముమ్మడమ్మ కొడుకు రాజ్యార్హుడయ్యేంత వయస్సు వచ్చిన తరువాత, దాదాపు ఇరువదియేడేండ్లు పాలించిన తరువాత, తన తండ్రి కాలం నుండి కొలిచిన కాయస్థుల ఇంటివాడే ఎదురు తిరిగినప్పుడు దండుతో కదిలిన స్త్రీ. ఆమె స్వయంగా ఎందుకు వెళ్లినది? మనుమని పంపకపోవడానికి కారణమేమి? మల్లికార్జునుడు ఆమెను వారించినాడా? ఆనందవర్ధనుడు కోరిన రసం, కల్హణుడు కోరిన ప్రమాణం ఒకే చోట దొరికే ఇతివృత్తం ఇది. యువతి రుద్రమపై ఇన్ని రచనలు వచ్చిన తెలుగులో ఈ కడపటి ప్రయాణాన్ని కేంద్రంగా గ్రహించి, వాటికి సాటిగా నిలిచిన నవల కనిపించదు.

అట్లు వ్రాయబూనినవారికి మరొక పాత్ర సిద్ధంగా ఉన్నది. పువ్వుల ముమ్మడి ప్రభువు కాదు, సేనాపతి కాదు. సేనాని కొలువులో ఉన్నవాడు. ఓరుగంటి ఆస్థానకవులు గాని రాజప్రశస్తులు గాని రుద్రమ మరణాన్ని చెప్పలేదు. ఒక భృత్యుడు, మార్గశిరమాసంలో, తన నాయనిని, ఆ నాయని ఏలికను తలచుకొని, తనకు ఉన్న భూమిలో కొంత దేవునికి ఇచ్చి, ఒక చిన్న ఊరిలో రాయి నిలిపినాడు. యుద్ధం ఎక్కడ జరిగినదో ఆ రాతి మీద లేదు. శత్రువు పేరు కూడా లేదు.